మగ్గం గదిలో కాకటీల్

మంగళగిరి నేతగాళ్ళ వీధిలో చివరి ఇంటి రోశయ్య పిట్టను కొనుక్కోవడానికి గుంటూరు వెళ్ళాడన్న కబురు మొదట ఎవరూ నమ్మలేదు. యాభై మూడేళ్ళ మనిషి. పేకాట తెలియదు, సినిమాల పిచ్చి లేదు, అరుగు మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడే అలవాటు అసలే లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడంటే చీర కొస చూసేదాకా లేవడని పేరు. అలాంటివాడు తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పిట్ట కోసం బస్సెక్కడమేమిటని వీధి వీధంతా నవ్వుకుంది. నవ్వితే నవ్వారు గానీ, ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో పగటిపూట ఎలా ఉంటోందో వాళ్ళలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

అంతకుముందు ఇరవై ఏడేళ్ళు రోశయ్య, అతని భార్య మల్లేశ్వరి ఒకే గదిలో బతికారు. ఇది మాటవరసకు అంటున్నది కాదు. అతను గుంటలో కూర్చుని నేసేవాడు. ఆమె కిటికీ పక్కన రాట్నం ముందు కూర్చుని పడుగులో అటూ ఇటూ తిరిగే అతని నాడెలోకి కావలసిన నూలు కండెలు చుట్టేది. పొద్దున ఏడింటికి మొదలుపెడితే సాయంత్రం దాకా ఇద్దరి మధ్యా ఆరడుగుల దూరం. ఆమె అతని మేనమామ కూతురు, చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషి, కాబట్టి మాటలకు మొహమాటం లేదు. వంకాయలో పురుగు దగ్గర్నుంచి వియ్యంకుడి బుద్ధి దాకా అన్నీ ఆ గదిలోనే తేలేవి. పోట్లాడుకున్నా అక్కడే, రాజీపడినా అక్కడే, ఎందుకంటే అలిగి పోవడానికి ఇంకో గది లేదు. మగ్గం టకటకల మధ్య ఎంత గొంతు పెంచితే వినబడుతుందో ఇద్దరికీ బాగా తెలుసు.

చేనేతలో ఇద్దరు చేసే పనికి ఒక్కరి కూలే వస్తుంది. కండెలు చుట్టిన చేతికి వేరే లెక్క ఉండదు. కూతురు భవ్య పెళ్ళయి నరసరావుపేట వెళ్ళిపోయాక, ఎవరో చెప్పారని మల్లేశ్వరి తాడేపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళి ఆయా పని అడిగి వచ్చింది. రమ్మన్నారు. ఆ సంగతి చెబితే రోశయ్య వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. "నీ ఇష్టం" అన్నాడు. మన మగవాళ్ళు ఆ రెండు మాటల్లో ఎంత అలక దాచగలరో తెలిసినవాళ్ళకు తెలుసు. మల్లేశ్వరికీ తెలుసు. అయినా మర్నాడు ఏడింటికి బాక్సు కట్టుకుని వెళ్ళింది. సాయంత్రం ఆరున్నరకు తిరిగొచ్చింది. అదే ఇప్పటికీ ఆమె వేళ.

రాట్నం మూలకు చేరింది. కండెలు రెండిళ్ళ అవతల కొండమ్మ చుట్టి ఇస్తోంది. పనికి లోటు లేదు, లోటల్లా మాటకే. ఏదో గుర్తొచ్చి నవ్వుతూ తలెత్తేవాడు రోశయ్య. కిటికీ పక్కన గోడ ఉండేది. చెప్పబోయిన మాట గొంతులోనే ఉండిపోయేది. ఫోనులో పాటలు పెట్టుకుని చూశాడు. పాట తన గోల తాను పాడుకుంటుంది గానీ మనం చెప్పేది వినదు కదా. మధ్యాహ్నమయ్యేసరికి ప్రాణం ఉసూరుమనేది. పరధ్యానంలో పోగు తెగినా చూసుకోక నాలుగు అంగుళాలు నేసేయడం, మళ్ళీ విప్పడం. పాతికేళ్ళలో ఎన్నడూ మాట పడనివాడు నూలిచ్చి నేయించే మాస్టర్ వీవరు దగ్గర రెండుసార్లు మాట పడ్డాడు. ఇదంతా భార్యతో చెప్పవచ్చు. చెబితే, తనకు ఆమె లేకపోతే తోచడం లేదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని చెప్పలేదు. సాయంత్రం ఆమె వచ్చేసరికి మొహం ముడుచుకుని కూర్చునేవాడు. ఆమె అలిసిపోయి వచ్చేది. అన్నం తినేవాళ్ళు, పడుకునేవాళ్ళు.

పిట్ట ఆలోచన భవ్యది. ఫోనులో తండ్రి గొంతు విని, ఆ పిల్లకు ఏం తోచిందో ఏమో, ఇంట్లో ఉండేవాడివే కదా, ఓ పక్షిని పెంచుకో నాన్నా అంది. గుంటూరు బ్రాడీపేటలో కోచింగు సెంటర్ల వెనక సందులో మొహిద్దీన్ బాషా అనే ఆయన పిట్టల కొట్టు ఉందని కూడా చెప్పింది.

అది మిరప సీజను చివరి రోజులు. బస్సులో ఒకరి తరవాత ఒకరు తుమ్ముతున్నారు, ఎవరి ఒడిలోనో శాంపిలు సంచీ ఉండి ఉంటుంది. రోశయ్య కొట్టు వెతుక్కుని లోపలికి వెళ్ళి, మాట్లాడే చిలక కావాలన్నాడు.

బాషాకు అరవై దగ్గర పడుతున్నాయి. తెల్లటి గడ్డం, భుజం మీద తువ్వాలు. అతను పంజరాల వైపు చూపించకుండా ముందు స్టూలు చూపించి కూర్చోమన్నాడు. మన రామచిలకను ఇంట్లో పెంచడం నేరమనీ, అమ్మడం అంతకంటే నేరమనీ, తన దగ్గర ఉన్నవన్నీ బయటి దేశాల జాతులేననీ చెప్పి, ఇక ప్రశ్నలు మొదలుపెట్టాడు. పొద్దున ఎన్నింటికి లేస్తావు? పగలు ఇంట్లో ఎవరుంటారు? వంటింటి పొగ గదిలోకి వస్తుందా? మిరపకాయలు వేయించితే ఎటు పోతుంది ఆ ఘాటు? పిల్లి తిరుగుతుందా? ఊళ్ళు తిరిగే అలవాటుందా? పిల్లనిచ్చేవాడు కూడా అన్ని వాకబులు చెయ్యడు. రోశయ్యకు చిరాకు పుట్టి, డబ్బిచ్చి కొనుక్కునేవాడికి ఇన్ని పరీక్షలేమిటని అడిగాడు.

"పిట్టకి నిన్ను ఎంచుకునే వీలు లేదు అన్నా" అన్నాడు బాషా. "అందుకని దాని తరపున నేనడుగుతున్నా."

రోశయ్య అడిగినవాటికి బుద్ధిగా జవాబులు చెప్పాడు. ఫించ్ పిట్టలు చూపించి, ఇవి చూసుకోవడానికే, మనిషితో వీటికి పనిలేదు అన్నాడు బాషా. ఉద్యోగాలకి పోయి రాత్రికి వచ్చేవాళ్ళకి ఇవి మంచివట. లవ్‌బర్డ్స్ జంట ఒకదాన్నొకటి చూసుకుని మురిసిపోతాయి, మధ్యలో మనం వేలు పెడితే కొరుకుతాయట. పై వరసలో బూడిదరంగు ఆఫ్రికా చిలక ఒకటి రోశయ్యను తలవంచి చూసి స్పష్టంగా నమస్తే అంది. అది యాభై ఏళ్ళు బతుకుతుంది, నీ తరవాత ఎవరికి రాసిస్తావు అని అడిగాడు బాషా. రోశయ్య కళ్ళు తిప్పుకున్నాడు.

చివరికి చూపించింది కాకటీల్. ఆస్ట్రేలియా జాతి. బూడిదరంగు ఒళ్ళు, పసుపుపచ్చ మొహం, బుగ్గల మీద కుంకుమ బొట్లు, నెత్తిన లేచి పడే తురాయి. చేతితో మేత పెట్టి పెంచిన పిల్ల, ఆరు నెలలది. రోశయ్య వేలు చాపితే ఎక్కి కూర్చుని, అతని చొక్కా గుండీ కొరికి చూసింది.

"ఇది పెద్దగా మాట్లాడదు, ఈలలేస్తది" అన్నాడు బాషా. "కానీ దీనికి పగలంతా ఎదురుగా మనిషి ఉండాలి. ఒంటరిగా వదిలేస్తే ఈకలు పీక్కుంటది. నువ్వు పగలంతా ఇంట్లోనే కదా?"

ఇంట్లోనే, మగ్గం మీద, అన్నాడు రోశయ్య. ఆ చప్పుడు దానికి నాలుగు రోజుల్లో అలవాటైపోతుందన్నాడు బాషా. పగలంతా మనిషి కావలసిన పిట్ట, పగలంతా మనిషి కావలసిన మనిషి. ఇంతకన్నా కుదిరిన సంబంధం ఏముంటుంది? ఇద్దరూ ఆలోచించగలిగినంత ఆలోచించారు. మగ్గమంటే చప్పుడని మాత్రమే అనుకున్నారు.

తురాయి చూసి దానికి దొరబాబు అని పేరు పెట్టాడు రోశయ్య. పంజరం ఎక్కడ పెట్టాలా అని గదంతా కలయజూసి, కిటికీ పక్కన వెలుతురు బాగుంటుందని, రాట్నం ఉండే చోటే పెట్టాడు. సాయంత్రం మల్లేశ్వరి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. పిట్ట బాగుందంది. బాక్సు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

బాషా లెక్క తప్పలేదు. నాలుగు రోజులు కాదు, రెండో రోజుకే దొరబాబు మగ్గానికి అలవాటుపడ్డాడు. నాడె ఆగితే ఈల వేసేవాడు, ఆడితే ఊరుకునేవాడు. తలుపులన్నీ వేసి పంజరం తెరిస్తే వచ్చి రోశయ్య భుజం మీద వాలి, చెవి వెనక జుట్టు సవరించేవాడు. ఒకరోజు పళ్ళెంలోంచి పండు మిరపకాయ లాక్కుని గింజలతో సహా నమిలేశాడు. రోశయ్య హడలిపోయి నీళ్ళు పట్టుకొచ్చేసరికి, వాడు మూతి తుడుచుకుని ఇంకో కాయ వైపు చూస్తున్నాడు. పిట్టలకు కారం తెలియదని బాషా ఫోనులో చెప్పి నవ్వాడు. గుంటూరు మిరపకాయకు చెమట పట్టని మొట్టమొదటి ప్రాణిని చూశానని రోశయ్య వీధంతా చెప్పుకున్నాడు.

మాట తిరిగొచ్చింది. రోజంతా పిట్టతో మాట్లాడేవాడు. చిన్నప్పుడు చదువు మానేసిన సంగతి, మామ తనకు మొదటిసారి పోగు అతకడం నేర్పిన సంగతి, ఎనభయ్యో నంబరు సన్న నూలు మునుపటిలా రావడం లేదన్న సంగతి. దొరబాబు తల ఒకవైపు వంచి వినేవాడు. మధ్యలో అడ్డం రాడు, ఈ కథ మొన్న చెప్పావు అనడు. చీరల్లో తప్పులు ఆగిపోయాయి. రోశయ్య మొహంలో కళ వచ్చింది. మల్లేశ్వరి వచ్చేసరికి అతను గింజలు వేస్తూనో, ఈకలు నిమురుతూనో ఉండేవాడు. ఆమె చెప్పులు విప్పేలోగా ఆ రోజు దొరబాబు చేసిన ఘనకార్యాలు ఏకరువు పెట్టేవాడు. ఆమె "అలాగా" అనేది. ఒకరోజు ఆమె ఏదో చెప్పబోయింది, ఇవాళ ఆసుపత్రిలో ఏమైందో తెలుసా బావా అని. సరిగ్గా అప్పుడే దొరబాబు కొత్త ఈల వేశాడు. విన్నావా విన్నావా అన్నాడు రోశయ్య. ఆమె విన్నానంది. మొదలుపెట్టిన మాట ఏమిటో అతను అడగలేదు.

మార్గశిరం వచ్చింది. ఆ ఏడు చలి గట్టిగానే పడింది. ఓ పొద్దున దొరబాబు ఒళ్ళంతా ఉబ్బించుకుని, ఒంటికాలి మీద ముడుచుకుని కనబడ్డాడు. ఆ వీధిలో ఒక అలవాటుంది. ఏ ఇంట బిడ్డ పుట్టినా, పడుకోబెట్టే మొదటి మెత్తలోకి దూది కొనరు. పడుగు కోసినప్పుడు మగ్గం మీద మిగిలే తెగిన నూలును వేళ్ళతో నలిపి, చిక్కు తీసి, మెత్తగా చేసి, గుడ్డసంచిలో నింపి కుడతారు. భవ్య అలాంటి మెత్త మీదే పెరిగింది. రోశయ్య మధ్యాహ్నమంతా మగ్గం ఆపి, అలాంటి నూలే దోసెడు నలిపాడు. సంచి కుట్టే ఓపిక లేక, ఒక చిన్న ముంతలో అడుగున అలాగే పరిచి, పంజరం మూలన పెట్టాడు. దొరబాబు అటూ ఇటూ చూసి అందులో దిగి కూర్చున్నాడు. తన చేతుల్లో ఉన్న అన్నింటికంటే మెత్తనిది పెట్టానన్న తృప్తితో రోశయ్య నిద్రపోయాడు.

మూడో రోజు పొద్దున మల్లేశ్వరి వెళ్ళిపోయాక, మగ్గం గుంటలోకి దిగబోతూ పలకరిస్తే ఈల రాలేదు. దగ్గరికి వెళ్ళి చూశాడు. దొరబాబు ఎడమకాలు గాల్లో పెట్టి నిలబడ్డాడు. ఆ పాదం వాచిపోయి, వేళ్ళు నల్లబారుతున్నాయి. కాలి నుంచి సన్నటి పోగు ఒకటి ముంతలోకి వేలాడుతోంది. నూలు వేళ్ళ చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో, లాక్కున్నకొద్దీ బిగిసి మాంసంలోకి దిగిపోయింది.

రోశయ్య కళ్ళజోడు పెట్టుకుని, పిట్టను ఎడమచేత్తో పట్టుకుని పోగు కొస కోసం వెతికాడు. ముప్ఫై ఐదేళ్ళుగా పోగులతో బతికిన చేయి అది. కానీ మగ్గం మీద పోగు బిగువుగా, తిన్నగా, కంటికి ఎదురుగా ఉంటుంది. ఇక్కడ వాపు కింద వెంట్రుకలా దాక్కుంది. ఎంత దగ్గరగా పెట్టుకున్నా అలికేసినట్టు ఉందే గానీ కనబడలేదు. తోచినచోట గోరుతో లాగాడు. దొరబాబు ఒక్క అరుపు అరిచాడు. పోగు ఇంకాస్త దిగింది.

బాషాకు ఫోన్ చేశాడు. ఏం పెట్టావు అందులో అని అడిగాడు బాషా. నూలన్నాడు రోశయ్య. బాషా నెమ్మదిగా, సన్నటి మొన ఉన్న కత్తెరతో ఒక్కొక్క చుట్టూ తెంపాలనీ, గుంటూరు తెచ్చేదాకా ఆగితే కాలు దక్కదనీ, చూపు బాగా ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వెంటనే చేయించమనీ చెప్పాడు.

చూపు బాగా ఉన్నవాళ్ళు. ఇరవై ఏడేళ్ళు ఆ ఇంట్లో తెగిన పోగును మొదట చూసింది ఎవరు? అతను నాడె విసురుతూనే ఉంటే, అవతల కిటికీ పక్కనుంచి, ఆగు బావా, కుడిపక్క అంచు దగ్గర పోయింది, అని చెప్పింది ఎవరు? మల్లేశ్వరికి ఫోన్ చేశాడు. రింగు మోగి మోగి ఆగిపోయింది. పనివేళ ఫోన్లు బీరువాలో పెట్టించుకుంటారని ఆమె ఎప్పుడో చెప్పినట్టు లీలగా గుర్తు. కండెల బుట్ట బోర్లించి దులిపి, అడుగున పాత లుంగీ పరిచి, దొరబాబును అందులో పెట్టి మూతపెట్టి, ఆటో ఎక్కాడు.

ఆసుపత్రి అంత పెద్దదని అతను అనుకోలేదు. అయిదంతస్తులు. లోపల చల్లగా, అద్దంలా నేల. కౌంటరు దగ్గర ఒక అమ్మాయి, ఎవరు కావాలండీ అని అడిగింది. మల్లేశ్వరి అన్నాడు.

"ఏ మల్లేశ్వరి గారండీ? ఇద్దరున్నారు. డయాలసిస్‌లోనా, మూడో ఫ్లోరా?"

రోశయ్యకు తెలియదు. ఆయా అన్నాడు. ఇద్దరూ ఆయాలే అంది అమ్మాయి. ఏ షిఫ్టండీ అంది. పొద్దున వస్తుంది అన్నాడు. ఇద్దరూ పొద్దునే వస్తారట. ఏ రంగు కోటు వేసుకుంటారు అని అడిగింది, రంగును బట్టి చెప్పొచ్చని. ఇంటినుంచి చీరలో వెళ్ళే మనిషి అక్కడ కోటు వేసుకుంటుందనే అతనికి తెలియదు. బుట్టలో దొరబాబు కదిలాడు.

"మీరేమవుతారండీ?" అని అడిగింది అమ్మాయి.

"భర్తని" అన్నాడు రోశయ్య.

ఆ అమ్మాయి తలెత్తి అతన్ని ఇంకోసారి చూసింది. ఆ చూపులో ఎగతాళి లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది. దానికే అతను సిగ్గుతో చచ్చిపోయాడు. దొరబాబు రోజుకు ఎన్ని గింజలు తింటాడో అడిగితే చెప్పగలడు. ఏ పక్క రెక్క ముందు సవరించుకుంటాడో, ఏ వేళకు కునుకు తీస్తాడో, రెట్ట ఏ రంగులో ఉంటే ఒంట్లో బాగాలేనట్టో చెప్పగలడు. మేనమామ కూతురు, కట్టుకున్న భార్య, రోజూ పన్నెండు గంటలు ఎక్కడుంటుందో, ఏ గదిలో, ఎవరి పక్కన ఉంటుందో, అతనికి ఒక్క ముక్క తెలియదు.

అమ్మాయి జాలిపడి రెండుచోట్లకీ ఫోన్ చేసింది. కిందనే ఉన్న డయాలసిస్ గది తలుపు తోసుకుని మల్లేశ్వరి వచ్చింది. లేత నీలం కోటు, తలకు టోపీ. కోటు జేబులో పెన్ను కూడా ఉంది. ఒక్క క్షణం అతనికి ఎవరో అనిపించింది. ఏమైంది బావా, భవ్యకేమైనానా, అంది కంగారుగా. అతను బుట్ట మూత తీసి చూపించాడు.

ఆమె ఇంకేం అడగలేదు. లోపలికి వెళ్ళి, దీప్తి అనే నర్సును అడిగి కుట్లు విప్పే సన్న కత్తెర తెచ్చి, అతన్ని బయట స్కూటర్ల షెడ్డు పక్కకు తీసుకెళ్ళింది. ఎండ బాగా పడేచోట గట్టు మీద కూర్చుంది. పిట్టను లుంగీలో చుట్టి అతని చేతికిచ్చి, పట్టుకో, గట్టిగా కాదు అంది. వాచిన పాదాన్ని బొటనవేలు మీద ఆనించుకుని చూసింది. ఎంతసేపో కాదు. ఇదిగో కొస, అంది తనలో తను. కత్తెర మొన దూర్చింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు, పదకొండు చుట్లు. తీసినకొద్దీ తడిసిన నూలు ముక్కలు ఆమె కోటు మీద పడ్డాయి. దొరబాబు ఆమె వేలు కొరికి రక్తం తెప్పించాడు. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు.

"మెత్తకని పెట్టావా?" అంది అంతా అయ్యాక.

చలిగా ఉందని, అన్నాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. లోపల మంచం మీద ఒక పెద్దాయన తను పక్కన లేకపోతే సూది గుచ్చనివ్వడనీ, ఇప్పటికే ఆలస్యమైందనీ చెప్పి, వేలు కొళాయి కింద కడుక్కుని వెళ్ళిపోయింది. ఆమె వెళుతుంటే వాచ్‌మన్, ఏం మల్లేశ్వరిగారూ పిట్టకి కూడా డయాలసిస్సేనా అన్నాడు. ఆమె తిరిగి ఏదో అంది, అతను పగలబడి నవ్వాడు. ఆమె అన్నదేమిటో రోశయ్యకు వినబడలేదు. ఇంట్లో ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో లెక్కకు రాలేదు.

కాలు దక్కింది. ఒక వేలు మాత్రం ఎండిపోయి వారానికి రాలిపోయింది. బాషా మందు చెప్పాడు, కాలు చూపించమన్నాడు. అన్నింటికంటే కష్టమైన మాట కూడా అతనే చెప్పాడు. ముంత తీసేస్తే సరిపోదు. మగ్గం ఉన్న గదిలో నూలు గాల్లో ఉంటుంది, నేల మీద ఉంటుంది, నీ ఒంటి మీద ఉంటుంది. ముక్కుతో ప్రతిదీ లాగి చూసే పిట్ట అది. వేరే గదిలో పెట్టనా అంటే, నువ్వు కనబడకపోతే అరిచి అరిచి ఈకలు పీక్కుంటది అన్నాడు. నేను మగ్గం చప్పుడు సంగతి చూశాను గానీ నూలు సంగతి చూడలేదు, తప్పు నాది కూడా అన్నా, అన్నాడు.

రోశయ్య వారం రోజులు కొట్టుమిట్టాడాడు. పంజరానికి దోమతెర కట్టాడు. రోజుకు మూడుసార్లు గది ఊడ్చాడు. ఎనిమిదో రోజు పొద్దున దొరబాబు తెర సందులోంచి ముక్కు దూర్చి, గాలికి కొట్టుకొచ్చిన పోగును లోపలికి లాక్కుంటున్నాడు. ఎంతో మురిపెంగా లాక్కుంటున్నాడు. రోశయ్య ఆ పోగు తీసేసి, పంజరం మీద దుప్పటి కప్పి, దాన్ని పట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. నల్లపాడులో శ్రీరమ్య అనే ఆవిడ ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటుందట. అలాంటి పిట్ట కావాలని ఎప్పటినుంచో అడుగుతోందట. ఇంట్లో కుట్టుమిషను లేదని కూడా కనుక్కున్నానన్నాడు బాషా. కొట్లో బాషాకు పంజరం అప్పగించేటప్పుడు దొరబాబు అతని వేలెక్కాడు. మూడు వేళ్ళతో కూడా గట్టిగానే పట్టుకున్నాడు. రోశయ్య ఏడ్చాడు. అక్కడ ఇంకో ఇద్దరున్నారు, చూస్తే చూశారని ఏడ్చాడు.

సాయంత్రం ఆరున్నరకు మల్లేశ్వరి వచ్చింది. కిటికీ పక్క ఖాళీ చూసింది. ఇచ్చేశావా అంది. ఇచ్చేశాను అన్నాడు. ఆమె బాక్సు తీసుకుని వంటింట్లోకి వెళ్ళబోయింది.

"మధ్యాహ్నం ఎవరితో తింటావు మల్లీ?" అన్నాడు రోశయ్య.

ఆమె ఆగింది. అడిగింది అర్థం కానట్టు చూసింది. అతను మళ్ళీ అడిగాడు. అన్నం తినేటప్పుడు ఎవరి పక్కన కూర్చుంటావు, ఎక్కడ కూర్చుంటావు, నిన్ను సూది కోసం రమ్మనే ఆ పెద్దాయనది ఏ ఊరు? నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ నాతో మాట్లాడేవాళ్ళు లేరని ఏడుస్తున్నాను గానీ, ఒక్కరోజు కూడా నిన్ను అడగలేదు. ఆ కౌంటరు అమ్మాయి అడిగితే నా పెళ్ళాం ఎక్కడుంటుందో నేను చెప్పలేకపోయాను.

మల్లేశ్వరి బాక్సు పట్టుకుని గుమ్మానికి ఆనుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, అలుపు ఉంది.

"రోజూ ఆటోలో కూర్చుని అనుకునేదాన్ని బావా, ఇది చెప్పాలి, అది చెప్పాలి అని. మర్చిపోతానేమోనని వేళ్ళు మడిచి పెట్టుకునేదాన్ని. వచ్చేసరికి మొదట్లో నువ్వు అలిగి ఉండేవాడివి. తరవాత దానితో మాట్లాడుతుండేవాడివి. వేళ్ళు విప్పేసుకుని గిన్నెలు కడుక్కునేదాన్ని."

క్షమించమనడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. రోశయ్య లేచి వెళ్ళి ఆమె చేతిలో బాక్సు తీసుకున్నాడు. కొళాయి దగ్గర కూర్చుని తనే కడగడం మొదలుపెట్టాడు. ఆ పని అతనికి చేతకాదు, మూత సందులో కూర అలాగే ఉండిపోయింది. చెప్పు, వింటున్నాను, అన్నాడు వెనక్కి తిరగకుండా.

ఎక్కణ్ణించి చెప్పను, అంది మల్లేశ్వరి. మొదటి రోజు నుంచి చెప్పమన్నాడు. ఆమె గుమ్మంలోనే చతికిలబడి, మొదటి రోజు కోటు గుండీలు పెట్టుకోవడం రాక ఎలా ఏడ్చిందో అక్కణ్ణించి మొదలుపెట్టింది. ఆ కథ అంతా అయ్యేసరికి నాలుగు సాయంత్రాలు పట్టింది. అన్ని సాయంత్రాలూ బాక్సు అతనే కడిగాడు.